సీట్ల పిన్ని గాలి పైపు

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను సీట్ల పిన్ని అనే పిలిచేవాళ్ళు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే అనేవాళ్ళు. ఆమె బాగుచేసిన సీటు మీద ఆనని పిర్ర ఆ చుట్టుపక్కల లేదు కనుక, వరసల గురించి ఆమెతో వాదించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సోఫాలు, డైనింగు కుర్చీలు, స్కూటరు సీట్లు, మంగలి షాపులో గిర్రున తిరిగే కుర్చీ, ఏది చిరిగినా ఆమె ఇంటి వెనక గదికే వచ్చేది. ఆ గదిలో ఒక పొడుగాటి బల్ల, ఫోము షీట్లు, రెక్సిను చుట్టలు, జిగురు డబ్బాలు ఉండేవి. కిటికీ పక్కన ఆమె భర్త కూడా ఉండేవాడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. చెవికి మిషను పెట్టుకుంటే అన్నీ వినిపిస్తాయి. అందుకే పెట్టుకునేవాడు కాదు.

బతుకంతా చేత్తో నొక్కే స్టేప్లరు గన్నుతో పిన్నులు కొట్టీ కొట్టీ పిన్ని కుడిచేతి బొటనవేలి మొదలు వాచి కూర్చుంది. సీసా మూత తిప్పబోయినా ప్రాణం విలవిల్లాడేది. డాక్టరు దగ్గరికి వెళితే ఆయన వేలిని అటూ ఇటూ వంచి చూసి, కీలు అరిగిపోయిందనీ, ఇకమీదట దాంతో పని చేయకూడదనీ చెప్పాడు. పిన్ని శ్రద్ధగా తలూపుతూ తను కూర్చున్న కుర్చీని రెండో చేత్తో తడిమి చూసింది. ఫోము అణిగిపోయింది, రెక్సిను చీలికలైంది. మోకాలి నొప్పితో వచ్చినవాళ్ళు నడుంనొప్పితో పోతున్నారని డాక్టరుకు చెప్పింది. ఆమె బయటికి వచ్చేసరికి చేతిలో పూతమందు చీటీతో పాటు, వెయిటింగ్ హాల్లో కుర్చీలన్నిటికీ కొత్త సీట్లు వేసే పని కూడా ఉంది. వేలు వాడొద్దన్న నోటితోనే ఆయన ఆ పని ఒప్పజెప్పాడు. చదువుకున్నవాళ్ళకి ఇలాంటివి పెద్దగా అడ్డురావు.

చేతి గన్నుతో ఆ కుర్చీలు పూర్తికావని పిన్నికి తెలుసు. గాలితో నడిచే గన్నయితే వేలితో మీట తాకితే చాలు, పిన్ను దిగిపోతుంది. పక్కవీధిలో కట్టుడు పళ్ళు చేసే ఆయన కొట్టు మూసేస్తూ తన చిన్న కంప్రెసరును ఆమెకు ఇచ్చేశాడు. గన్ను కొత్తది కొంది. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాక, వాటి మధ్య గాలి వెళ్ళడానికి దారి లేదన్న సంగతి బయటపడింది. పైపు కావాలి, పైపుకు రెండువైపులా ఫిట్టింగులు కావాలి. ఇంట్లో మగవాళ్ళకి ఈ విషయం తెలిసింది. దాంతో పిన్ని కష్టాలు మొదలయ్యాయి.

ముందు రంగంలోకి దిగింది అల్లుడు. ఆయన నీళ్ళు శుద్ధిచేసే మిషన్లు అమ్ముతాడు. నీళ్ళయినా గాలైనా పారేదే కదా, పారేదానికి పైపే కదా అని తేల్చేశాడు. తన సంచిలోంచి సన్నటి తెల్లటి గొట్టం, దానికి గుచ్చే ప్లాస్టిక్ ఫిట్టింగులు తీసి, చిటికెలో బిగించి, ఇవి ఏళ్ళ తరబడి కారవని హామీ ఇచ్చాడు. నీళ్ళ విషయంలో ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

కంప్రెసరు ఆన్ చేశారు. ప్రెషరు మీటరు సూది పైకి పోతుంటే అల్లుడు చేతులు కట్టుకుని చిరునవ్వుతో చూస్తున్నాడు. ఉన్నట్టుండి తుపాకీ పేలినట్టు చప్పుడైంది. ఫిట్టింగు ఊడి ఎగిరి గోడ గడియారం అద్దాన్ని పగలగొట్టింది. గొట్టం పిచ్చెక్కినట్టు నాలుగువైపులా కొట్టుకుని కిటికీ పక్కనున్న పెద్దాయన చేతుల్లోని పేపరును లాక్కుపోయింది. ఆయన తలెత్తి, ఫాను స్పీడు కాస్త తగ్గించమన్నాడు.

పిన్ని నాలుకకు పదునెక్కువే కానీ అల్లుణ్ణి ఒక్క మాట అనడానికి లేదు. అందుకని పక్కనే నిలబడ్డ కొడుకును పట్టుకుంది.

"నీకు బుద్ధుందిరా? నీళ్ళకి చేసిన గొట్టంలో గాలి పెడతారా ఎవరైనా?"

"పెట్టింది బావ కదమ్మా, నేనేం చేశాను?" అన్నాడు కొడుకు.

"ఆయన మన ఇంటికొచ్చిన మనిషి. ఆయనకేం పట్టింది? ఆపాల్సింది నువ్వు," అంది పిన్ని. తర్వాత అల్లుడి వైపు తిరిగి గొంతులో తేనె పోసుకుని, "మీరు కూర్చోండి బాబూ, కాఫీ తెస్తాను," అంది.

ఆ తిట్లు ఎవరికి చెందాలో అల్లుడికి బాగానే అర్థమైంది. కాసేపు నీళ్ళు నమిలి, వృత్తి అదే కనుక పెద్దగా ఇబ్బంది పడకుండా కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

మర్నాడు కొడుకు వంతు. అతను వేరే కాపురం ఉంటూ ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు. రాత్రంతా ఫోన్లో వీడియోలు చూసి తెల్లారేసరికి పండితుడైపోయాడు. లోపలి బోరు, ప్రెషరు తగ్గుదల, ఇత్తడికీ స్టీలుకీ తేడా, ఇలా అమ్మ దగ్గర టిఫిను తింటున్నంతసేపూ గాలి కబుర్లే చెప్పాడు. సాయంత్రం లారీ టైర్ల కొట్టులో వాడే నల్లటి రబ్బరు పైపు తెచ్చి గదిలో దించాడు. చుట్ట చుట్టుకుని అది కొండచిలువలా సగం గది ఆక్రమించింది. కొనలకు గన్నునూ కంప్రెసరునూ కలిపే ఇత్తడి కప్లింగులు. జాయింట్లకు టేపు చుట్టి శక్తికొద్దీ బిగించాడు. కానీ టేపును మర తిరిగే దిక్కుకు ఎదురుగా చుట్టాడేమో, బిగిస్తున్నకొద్దీ అది పోగులై బయటికొచ్చింది. సబ్బునీళ్ళు పూసి చూస్తే ప్రతి జాయింటు దగ్గరా బుడగలు లేచాయి. గాలి కారిపోతూనే ఉంది కనుక కంప్రెసరు ఆగకుండా రొదపెట్టింది. ఇరుగుపొరుగు కిటికీలు వేసుకున్నారు. ఇంట్లో ప్రశాంతంగా ఉన్నది పెద్దాయన ఒక్కడే.

టేపు మళ్ళీ సరిగ్గా చుట్టాక బుడగలు ఆగాయి. అసలు చిక్కు అప్పుడు తెలిసింది. గన్నును పైపుకు తగిలించాలంటే కప్లింగు చుట్టూ ఉన్న రింగును బొటనవేలితో గట్టిగా వెనక్కి లాగాలి. పిన్నికి ఉన్న వేళ్ళన్నిట్లో పనికిరానిది అదొక్కటే. ఆమె చూపుడువేలితో లాగింది, మోకాళ్ళ మధ్య ఇరికించి లాగింది, పళ్ళతో పట్టి లాగబోయి, కట్టుడు పళ్ళాయన కొట్టు మూసేశాడని గుర్తొచ్చి మానుకుంది. కొడుకు తగిలించి ఇస్తే గన్నెత్తింది కానీ, వెనకాల ఆ కొండచిలువ బరువుకు మణికట్టు కిందికి జారిపోయింది. నాలుగు పిన్నులు కొడితే నాలుగూ నాలుగు దిక్కులకు పోయాయి.

"దానికేముందమ్మా," అన్నాడు కొడుకు, "రోజూ ఆఫీసుకెళ్ళేముందు నేనొచ్చి తగిలించి పోతాను. సాయంత్రం వచ్చి విప్పుతాను."

పిన్ని గన్ను బల్ల మీద పెట్టింది. "అంటే పొద్దున్నే వచ్చి నన్ను ఆన్ చేసి పోతావు, సాయంత్రం వచ్చి ఆఫ్ చేస్తావు. అంతేనా?"

అతను అలా అనుకోలేదు. తన ఉద్దేశం అది కాదని గొణిగాడు. మొహం చిన్నబుచ్చుకుని, పైపు అక్కడే వదిలేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పిన్ని ఆపలేదు. అనాల్సిందేననుకుంది. కాస్త మెత్తగా అనుండాల్సిందని కూడా అనుకుంది. రెండోది అనుకుంటూ వంటింట్లో ఎవరికీ అక్కర్లేని గిన్నెలు కూడా తోమింది.

ఆ తర్వాత ఆమె ఎవరికీ చెప్పకుండా గన్నును గుడ్డసంచిలో వేసుకుని బజారుకెళ్ళింది. పంపులూ కంప్రెసర్లూ అమ్మే కొట్టులో యజమాని ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూసి, సార్ రాలేదా అని అడిగాడు. సారుకు పేపరు తప్ప వేరే వ్యసనం లేదనీ, గాలి కావలసింది తనకేననీ చెప్పింది. ఎంత ప్రెషరు, ఎంత బోరు అని ఆయన మొదలుపెడితే, పిన్ని తన బొటనవేలు ఎత్తి చూపించి, ఇది లేకుండా తగిలించగలిగేవి ఏమున్నాయో అవన్నీ కౌంటరు మీద పెట్టమంది.

ఆయన పెట్టాడు. పిన్ని ఒక్కొక్కదాన్నీ కుడిచేత్తో పట్టి తగిలించి, విప్పి, పక్కకు తోసేసింది. కొన్ని బిర్రు, కొన్ని జారుడు, ఒకటి ఆమె చీర కొంగును కూడా తగిలించుకుంది. వెనక వరసలో నిలబడ్డ ప్లంబరు ఒకాయన గడియారం చూసుకుంటే, తొందరైతే ఆ కొంగు విప్పి పుణ్యం కట్టుకోమంది. ఆయన విప్పాడు. రెండు వేర్వేరు కప్లింగుల ముక్కలను ఆమె ఒకదాంట్లో ఒకటి దూర్చబోతే యజమాని వారించాడు. చూడ్డానికి ఒకేలా ఉంటాయనీ, కానీ ఒక రకం దాంట్లో ఇంకో రకం పెడితే కారడమో, ఎగిరిపోవడమో జరుగుతుందనీ, ఏదో ఒక రకం పట్టుకుని ఇంట్లో అన్నీ అదే వాడాలనీ చెప్పాడు.

"అర్థమైంది," అంది పిన్ని. "మా ఇంట్లోనూ రెండు రకాలున్నాయి. ఒకటి కొడుకు, ఒకటి అల్లుడు."

చివరికి ఒకటి కుదిరింది. దాంట్లోకి గన్ను కొనను నెడితే చాలు, టక్కుమని కూర్చుంటుంది. పక్కనున్న బొత్తాం అరచేతి కింది భాగంతో నొక్కితే ముందు లోపలి గాలి సుయ్యిమని వదిలి, ఆ తర్వాతే ఊడుతుంది. పిన్ని దాన్ని అక్కడే పదిసార్లు తగిలించి విప్పింది. ఆమె మొహంలో వెలుగు చూసి యజమాని పైపుల వైపు తీసుకెళ్ళాడు. పిన్నులు కొట్టే గన్నుకు గాలి పెద్దగా అక్కర్లేదనీ, సన్నటి పైపు సరిపోతుందనీ చెప్పాడు. పొడుగెంత కావాలో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఎందుకంటే అప్పటికే ఆమె కళ్ళు మేకుకు వేలాడుతున్న పసుపుపచ్చటి పైపు మీద పడ్డాయి. స్ప్రింగులా మెలికలు తిరిగి, ఈకంత తేలిగ్గా, బంగారు గాజుల దొంతరలా ఉంది. కట్టించేసింది.

కప్లింగు విషయంలో ఆమె ఎంత కరెక్టో, పైపు విషయంలో అంత తప్పు. మెలికల పైపు లాగితే సాగుతుంది, కానీ సాగినందుకు పగ పట్టి వెనక్కి లాగుతుంది. పిన్ని బల్ల ఈ చివర కుర్చీకి పిన్ను కొట్టబోతే అది ఆమె చేతిని ఆ చివరికి రమ్మనేది. ఇంట్లోవాళ్ళు అడిగితే మాత్రం పైపు అద్భుతమని చెప్పేది. కొడుకు ఫోన్ చేసి పొడిపొడిగా ఎలా ఉందని అడిగినప్పుడు, ఇంత మంచి పైపు ఈ ఊళ్ళో ఎవరికీ లేదంది. ఆ మాట అంటుండగానే పైపు కుంచించుకుంటూ జిగురు డబ్బాకు తగులుకుని, డబ్బాను కింద పడదోసి, పెద్దాయన చెప్పులను నేలకు అతికించింది.

పెద్దాయన లేవబోయి లేవలేక ఆగాడు. చెప్పుల్లోంచి కాళ్ళు తీసుకుని, పైపునూ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. కొన్నాళ్ళుగా ఆ గదిలో జరిగిన వాదనల్లో ఒక్క ముక్క కూడా ఆయన చెవిన పడలేదు. జరిగింది మాత్రం మొత్తం చూశాడు.

"కింద ఎందుకే అది? పైన కట్టు," అన్నాడు.

"పైనా? ఎలాగండీ?"

ఆమె ఏమందో ఆయనకు వినబడలేదు. ఉత్త కాళ్ళతో వెళ్ళి తీగచుట్ట, పాత కర్టెను రింగులు తెచ్చాడు. బస్సులో డ్రైవరు దాకా గంటతాడు ఎలా కట్టి ఉండేదో అలా, బల్లకు పైన గోడ నుంచి గోడకు తీగ లాగి బిగించాడు. రింగులను తీగకు ఎక్కించి, పైపు మెలికలను వాటికి వేలాడదీశాడు. గన్ను ఎటు పోతే రింగులు అటు జరిగాయి. లాగడం పూర్తిగా పోలేదు, కానీ బరువంతా తీగ మోసింది. చేతికి గన్ను ఒక్కటే మిగిలింది. పిన్ని కుర్చీ అంచు మీద వరసగా పిన్నులు కొట్టుకుంటూ పోయింది. అన్నీ ఒకే గీత మీద పడ్డాయి. ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన అప్పటికే పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు. చెవి మిషను పెట్టుకోమని ఇన్నేళ్ళుగా ఎందుకు పోరుపెట్టానా అని ఆమెకు మొదటిసారి అనిపించింది.

ఆ ఆదివారం పొద్దున కొడుకు వచ్చాడు. గొడవ సంగతి ఎవరూ ఎత్తలేదు. అతను గది గుమ్మం దగ్గర నిలబడి తీగను, రింగులను, టక్కున కూర్చునే కప్లింగును గుడ్లప్పగించి చూశాడు. తను చేయాల్సింది ఏమీ మిగల్లేదని తెలిసి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక జేబుల్లో పెట్టుకున్నాడు. పిన్ని ఓరకంట అది గమనించింది. మొన్న అన్నది కాస్త ఎక్కువైందని చెప్పాలనుకుంది కానీ, ఆమె నోటికి అలాంటి మాటల అలవాటు లేదు.

"ఊరికే నిలబడకపోతే ఈ రెక్సిను కాస్త లాగి పట్టుకోరా," అంది. "ఒక్కదాన్నే లాగుతుంటే ముడతలు పడుతున్నాయి."

అతను జేబుల్లోంచి చేతులు తీసి వచ్చి రెక్సిను అంచు పట్టుకున్నాడు. గట్టిగా లాగాడు. అంత గట్టిగా వద్దంది. వదులు చేశాడు. అంత వదులూ వద్దంది. మూడోసారికి కుదిరింది. ఇద్దరూ కుర్చీ చుట్టూ తిరుగుతూ ఒకవైపు పూర్తిచేశారు. గన్ను టక్ టక్ మంటూనే ఉంది.

మూల తిరిగాక అతను, ఒక్కసారి నేను కొట్టనా అని అడిగాడు.

పిన్ని మీట మీంచి వేలు తీసి గన్ను అతని చేతికిచ్చింది. "మూలల్లో దగ్గర దగ్గరగా కొట్టు. నీ వేళ్ళు అడ్డం పెట్టకు," అని, రెక్సిను అంచు తను పట్టుకుంది.