రాయితో వచ్చినవి

"ఏటే సుధా, మళ్ళీ మొలిచీసేయేటి ఇవి? నువ్వు సరిగ్గా కడగట్లేదు." డ్యూటీ బూట్లు విప్పకుండానే హరికిరణ్ అక్వేరియం అద్దానికి ముక్కు ఆనించాడు.

సుధారాణి బకెట్లో ఉప్పు కలుపుతూ లోలోపల నవ్వుకుంది. కద్మాలోని ఈ కంపెనీ క్వార్టర్లోకి ఈ ఉప్పునీళ్ళ సంబరాన్ని తెచ్చింది ఆయనే. ముచ్చట తీరేదాకా ఆయనే చూసుకున్నాడు, అంటే ఓ నెల. తర్వాత నీళ్ళు మార్చడం, అద్దం తుడవడం, చేపలకి మేత వెయ్యడం ఎప్పుడు తన పనుల్లో కలిసిపోయాయో ఇంట్లో ఎవరూ గమనించలేదు. ఎవరైనా వస్తే మాత్రం "నా ట్యాంకు" అంటాడు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు దీని ముందు నిలబడితే హాయిగా ఉంటోంది, అది ఆయనకి చెప్పలేదు. కొత్తగా కొన్న రాయిని అంటిపెట్టుకుని వచ్చిన ఎనిమోన్లని, పువ్వుల్లా కనిపించే ఆ బుల్లి జీవాల్ని, ముందు చూసింది తనే. పొడుగు కాడ, సన్నని గోధుమరంగు వేళ్ళు, నీడ పడితే చాలు చటుక్కున కన్నంలోకి దూరిపోయేది ఐప్టేసియా. చీడ. గోకితే ముక్కముక్కా మళ్ళీ మొలుస్తుందండీ అని చెబుతుండగానే, "నీకేటి తెలుసు" అంటూ ఆయన బ్లేడుతో గోకేశాడు. ఒకటి కాస్తా గుంపయింది.

"రేపు మా సాబ్ ఫ్యామిలీ వత్తన్నారు. ఆ రాయి తీసి ఫేంక్ దే."

ఆ రాయికి రెండో పక్కన ఇంకొకటుంది. కాడ కనిపించదు, రాయిని కరుచుకుని పరుచుకుంటుంది, ఆవగింజలంత పొట్టి వేళ్ళు. ఫోన్లో బొమ్మలతో పోల్చి పోల్చి అది మినీ కార్పెట్ అనే రకమని, చీడ కాదని తేల్చుకుంది. ఎవరి సాయమూ లేకుండా తాను పోల్చుకున్న ప్రాణి. దాన్ని చెత్తబుట్టలో వెయ్యలేననుకుంది.

మర్నాడు ఆయన సాక్చి బజారుకి వెళ్ళగానే సుధారాణి, అత్తగారైన రత్నం దగ్గర తమలపాకుల సున్నం అడిగింది.

"సేపలకి తాంబూలమేటే అమ్మీ?"

"చీడకత్తయ్యా."

నీళ్ళు కదలకుండా మోటారు ఆపి, చిక్కటి సున్నం సిరంజిలో పట్టి, ఒక్కో ఐప్టేసియా నోట్లో చుక్క వేసింది. అవి ముడుచుకుపోయాయి. రత్నం కళ్ళార్పకుండా చూసింది.

"నానైతే పారీమంటే పారీసీదాన్ని. మీ మావయ్య అన్నారని నా కుట్టుమిసనే ఇచ్చీసినాను."

ఆ సంగతి సుధారాణికి ఇన్నాళ్ళూ తెలీదు. సిరంజి ఆవిడ చేతికిచ్చింది. "ఈ ఆఖరిది మీరు వెయ్యండత్తయ్యా."

సాయంత్రం సాబ్ కుటుంబం వచ్చింది, బెంగాలీలు. వాళ్ళకి ట్యాంకు చూపించబోయి హరికిరణ్ ఆగిపోయాడు. రాయి అక్కడే ఉంది. అతిథులకి అర్థం కాకూడదని, మొహం నవ్వుతూనే ఉంచి తెలుగులో అడిగాడు:

"ఎవర్నడిగి ఉంచీసేవే?"

ఎవర్నీ అడగలేదని సుధారాణి హిందీలోనే, అందరికీ వినపడేలా చెప్పింది. అద్దం మీద చెయ్యి వేసి, ఆయన ఎప్పుడూ అనే మాటే తనూ అంది:

"టాంక్ మేరా హై."