ఎలుకలమ్మ చంపిన హార్మోను

ఆ లాబులో ఆమెని అందరూ ఎలుకలమ్మ అనేవారు. ముఖం మీదే అనేవారు, ఆమె కూడా పలికేది. రెండేళ్లుగా ఎలుకల గదిలోనే కాపురం పెట్టిన మనిషికి అంతకంటే మంచి పేరు ఎవరు పెడతారు?

ఆమె వెతికేది ఒక్కటే. కాలేయంలో క్యాన్సర్ గడ్డ కంటికి కనబడకముందే ఒంట్లో ఏం మారుతుంది? గడ్డ కట్టాక కనిపెట్టడానికి ఎలుకలమ్మ అక్కర్లేదు, దారినపోయే దానయ్య చాలు. సగం ఎలుకలకి క్యాన్సర్ తెచ్చే మందు నీళ్లలో కలిపి పట్టింది, మిగతా సగానికి మామూలు నీళ్లు. కొన్ని వారాలకే రెండు తేడాలు దొరికాయి. మందు తాగిన ఎలుకల కాలేయంలో గామా జీటీ అనే ఎంజైమ్ పెరిగింది, దాని జాడ కొద్దిగా రక్తంలోకీ దిగింది. రక్తంలో ఒత్తిడి హార్మోను కూడా పెరిగింది, అదీ రెట్టింపు.

లాబు నడిపే ప్రొఫెసర్‌గారికి హార్మోను తెగ నచ్చేసింది. చుక్క రక్తంతో తేలిపోతుంది కదా! కనబడ్డవాళ్లందరికీ చెప్పేసుకున్నాడు. నెలాఖరుకి, ఏ పరిశోధన సాగాలో తేల్చే కమిటీ ముందు పెట్టాలి. కమిటీ నమ్మితే రోగులతో పని మొదలవుతుంది. నమ్మకపోతే ఎలుకల గది పక్క లాబుకి పోతుంది, ఎలుకలమ్మ ఇంటికి పోతుంది. అయినా ఆమెకి బెంగేమీ లేదు. తన చేతి పని మీద అంత ధీమా.

ఆమె భర్త దర్జీ. ఆ సాయంత్రం భోజనాల దగ్గర తన గొడవ తనే చెప్పుకుని నవ్వుతున్నాడు.

"ఇద్దరూ కవలలు. ఒకడు ప్యాంటు జారిపోతోందని పోట్లాటకొచ్చాడు. చూస్తే ఏముంది, అన్న నడుము భోజనానికి ముందు కొలిచా, వీడిది విందు భోజనం చేసొచ్చాక కొలిచా! టేపు తప్పు కాదు, వాడి పొట్ట తప్పూ కాదు. తప్పంతా నాదే."

నవ్వుతున్నదల్లా ఆమె ఆగిపోయింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏమైంది? పొలమారిందా?"

"నేనూ అలాగే కొలిచాను," అంది.

ఎలుకల గదిలో ఒక కట్టుబాటుంది. ఆరోగ్యంగా ఉన్నవాటిని ముందు ముట్టుకోవాలి, మందు తాగినవాటిని ఆ తర్వాత. లేకపోతే చేతొడుగులకి అంటిన మందు మంచివాటికి చేరుతుంది. ఆమె ఆ కట్టుబాటు పొల్లు పోకుండా పాటించింది. అందుకే మంచి ఎలుకల రక్తం ఎప్పుడూ పొద్దున తీసేది, మందువాటిది సాయంత్రం. ఎలుకేమో రాత్రి తిరిగే ప్రాణి. పొద్దుగూకే వేళకి దాని ఒంట్లో ఆ హార్మోను దానంతటదే పెరుగుతుంది. ఇది ఆమెకి తెలియనిదా? చదివింది, పరీక్ష రాసింది, విద్యార్థులకి పాఠం కూడా చెప్పింది. తీరా తన ఎలుకల దగ్గరికొచ్చేసరికి చేతొడుగులు గుర్తున్నాయి గాని గడియారం గుర్తులేదు. చెంపలు మండేంత సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే ప్రొఫెసర్ గదిలోకి వెళ్లి అంతా చెప్పింది.

"రెండు గదుల్లో ఇద్దరు మనుషులం, ఒకే వేళకి రక్తం తీస్తాం సార్. మళ్లీ కొలవాలి."

"మన కడుపు మనమే చించుకుంటే కాళ్ల మీదే పడుతుందమ్మా. ఇప్పుడు ఎవరడిగారని?"

"నేను అడుగుతున్నాను కదా సార్."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి ఆయన. అయినా ఆమె కుర్చీ కూడా లాక్కోకుండా నిలబడే ఉండేసరికి, సణుక్కుంటూనే సరేనన్నాడు.

మళ్లీ కొలిచారు. హార్మోను తేడా మాయమైంది. కొంచెం కూడా మిగల్లేదు. ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది, ముఖం కడుక్కుని ఎంజైమ్ మీద పడింది. దాన్ని పొద్దున కొలిచింది, సాయంత్రం కొలిచింది. ఏది ఏ ఎలుకదో చెప్పకుండా వేరేవాళ్లతో కొలిపించింది. ఎన్ని తిప్పలు పెట్టినా అది అక్కడే ఉంది.

కమిటీ ముందు మొదట హార్మోను సంగతే చెప్పింది, ఎక్కడ తప్పు చేసిందో దాచకుండా. ప్రొఫెసర్‌గారు పైకప్పు కేసి చూస్తూ కూర్చున్నాడు.

కమిటీలో పెద్దాయన పాథాలజిస్టు. "ఆ కాలేయాలన్నీ కోసి చూసింది నేనే. గడ్డ లేదు, గింజ లేదు. గోరంతని కొండంత చెయ్యకమ్మా," అన్నాడు.

"గోరంతగా ఉన్నప్పుడే కదండీ పట్టుకోవాలి. ఒక్కసారి ఇటు రండి."

ఎంజైమ్ ఉన్నచోట మాత్రమే ఎర్రబడేలా రంగు వేసిన కాలేయం ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆయన వంగాడు. చాలాసేపు లేవలేదు. ఆయన శుభ్రంగా ఉందన్న కాలేయంలోనే అక్కడక్కడా ఎర్రటి చుక్కలు, పక్కన మామూలు నీళ్లు తాగిన ఎలుక ముక్కలో ఒక్కటీ లేదు.

లేచి కళ్లజోడు తుడుచుకున్నాడు. "మొన్నటిదాకా హార్మోను రెట్టింపన్నారు. చూస్తే అది గడియారం. ఇది మాత్రం ఎందుకు నమ్మాలి?"

"ఆ హార్మోనుని చంపింది నేనే సార్," అంది ఎలుకలమ్మ. "దీన్ని కూడా అలాగే చంపాలని చూశాను. చావలేదు."

ఆయన మళ్లీ ఒకసారి మైక్రోస్కోపులోకి చూసి, "అయితే రోగుల రక్తం ఎప్పుడు తీస్తావు?" అని అడిగాడు.

"పొద్దున్నే సార్," అంది. "అందరిదీ పొద్దున్నే."