ఎర్ర చేపకు పెద్ద నోరు

అక్క పోయిన రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం అక్క అత్తగారు మా కొట్టుకు వచ్చింది. కొట్టు నాది కాదు. తైనాన్ నగరంలో రంగు చేపలమ్మే కో అన్నయ్య దగ్గర నేను మూడేళ్లుగా పనిచేస్తున్నాను. తొట్లు కడగడం, మేత వేయడం, అడిగిన చేపను వలతో పట్టి సంచిలో వేసివ్వడం నా పని.

అక్క తొట్టిలో ఏడు ఎలుక చేపలుండేవి. పేరుకే ఎలుకలు, నిజానికి జెల్ల జాతి. ఎంత పెరిగినా చిటికెన వేలిలో సగం ఉండవు. మూతి దగ్గర మీసాలు, ఒంటి పొడవునా ఒక నల్ల గీత. గుంపుగా తిరుగుతూ ఇసుకలో మూతి పెట్టి వెతుక్కుంటాయి. అక్క పెళ్లయిన ఏడాది నేనే ఇచ్చాను. జబ్బుతో మంచాన పడ్డాక అక్క తన మంచాన్ని తొట్టి పక్కకు జరిపించుకుంది.

అత్తయ్యగారు ఎర్ర చేప కావాలంది. ఇంట్లో ఎరుపు తగ్గిందని గుడి దగ్గర పెద్దాయన చెప్పాడట. నల్లవి ఎలాగూ ఉన్నాయి, వాటికి తోడుగా ఒక ఎర్రది వేస్తే చాలట. ఇక్కడ అందరూ అలాగే కొంటారు. ఎర్రవి ఇంటికి కళ తెస్తాయి, నల్లది ఇంటికి రాబోయే చెడును తన మీద వేసుకుని చస్తుంది. చచ్చిన నల్ల చేపకు దణ్ణం పెట్టి ఇంకొకటి తీసుకెళ్లేవాళ్లను రోజూ చూస్తాను. కానీ అందుకు వాళ్లు కొనేది నల్ల గోల్డ్ ఫిష్‌ని. అక్క జెల్లలను ఆ లెక్కలో వేస్తారని నాకెప్పుడూ తోచలేదు.

ఆవిడ అరచెయ్యంత ఉన్న ఎర్ర గోల్డ్ ఫిష్‌ని చూపించింది.

"అత్తయ్యగారూ, వాటికి పెద్దది పడదు," అన్నాను.

ఆవిడ చేప వైపే చూస్తోంది. రెండోసారి చెప్పాలి. ఎందుకు పడదో చెప్పాలి. అక్క పోయినప్పటి నుంచి ఒక మాట అన్నాక రెండో మాట రావడం లేదు. అది ఏడుపు కాదు. ఏడుపు ఎప్పుడూ రాలేదు. కో అన్నయ్య నవ్వి, ఈ పిల్ల రోజుకు పది మాటలాడితే ఎక్కువ, ఇవాల్టివి అయిపోయాయి అన్నాడు. నేను చేపను పట్టి, సంచిలో గాలి నింపి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాను.

పదకొండో రోజు పొద్దున బావ ఫోన్ చేశాడు. చేప నోట్లో చేప ఇరుక్కుందని, రమ్మని.

వెళ్లేసరికి ఎర్ర చేప ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది. నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది, అందులోంచి చిన్న తోక బయటికి కనిపిస్తోంది. జెల్ల బెదిరితే రెక్కల ముళ్లు నిక్కబెడుతుంది. ఇక లోపలికీ పోదు, బయటికీ రాదు. తడి గుడ్డలో చేపను పట్టుకుని, గోళ్ల కత్తెరతో ముల్లు కత్తిరించి జెల్లను లాగాను. అది ఎప్పుడో చచ్చిపోయింది. ఎర్రది నా చేతిలో రెండుసార్లు నోరు కదిపి ఆగిపోయింది. ఆ రెంటినీ పాత పేపరు మీద పెట్టాను. నాకేమీ అనిపించలేదు. చేతులు నీచు వాసన వేస్తున్నాయని మాత్రం అనుకున్నాను.

అత్తయ్యగారు పేపరుకు దూరంగా నిలబడింది. నల్లది పోతే సరే, ఎర్రది ఎందుకు పోయిందని బావను అడిగింది. ఇక ఈ తొట్టి ఇంట్లో వద్దని, మిగిలిన ఆరింటినీ ఇప్పుడే కాలవలో వదిలేసి పుణ్యం చేసుకుంటానని బకెట్టు తెచ్చింది. ఆ మురుగు నీళ్లలో అవి సాయంత్రం దాకా బతకవు.

నేను తొట్టికి అడ్డంగా నిలబడ్డాను.

"ఇది శకునం కాదు," అన్నాను. "ఎర్రదానికి పెద్ద నోరు. నోట్లో పట్టిందల్లా మింగుతుంది. జెల్లకు ముళ్లుంటాయి. ఇలా అవుతుందని నాకు ఆ రోజే తెలుసు."

"తెలిసి ఎందుకిచ్చావే?"

"చెప్పాను. ఒక్కసారే చెప్పాను."

ఆవిడ బకెట్టు కింద పెట్టింది.

"నాకు వినబడింది," అంది. "విన్నాకే అదే కావాలన్నాను. నల్లదొకటి పోతే వీడి మీదికి రాబోయే గండం దానితో పోతుందనుకున్నాను. కోడలెలాగూ పోయింది. నాకు వీడొక్కడే."

బావ వంటింట్లోకి వెళ్లిపోయాడు. లోపల కొళాయి విప్పిన చప్పుడు వినిపించింది.

"అవి అక్కవి, అత్తయ్యగారూ. కాలవలో వేయనివ్వను. వద్దంటే నేను తీసుకుపోతాను."

ఆ రోజు అన్ని మాటలు నేనే అన్నానా అని తరవాత అనుకున్నాను. గొంతు మాత్రం కొట్టులో మేత గురించి చెప్పేటప్పటి గొంతే.

ఆవిడ వంగి తొట్టిలోకి చూసింది. ఆరూ ఒక రాయి చాటున నక్కి ఉన్నాయి.

"మరి వీటితో ఏవి పడతాయి?"

ముందు వీటి జాతివే ఇంకో ఆరు వేయాలని, గుంపు తగ్గితే ఇవి బెదిరి మేత తినవని చెప్పాను. తరవాత చిన్న నోరున్నవి, నిదానంగా తిరిగేవి, ఈ నీళ్ల వెచ్చదనాన్ని ఓర్చుకునేవి వేయొచ్చన్నాను. గోల్డ్ ఫిష్‌కి చల్లటి నీళ్లు కావాలి, కాబట్టి ఎప్పటికీ వద్దన్నాను.

"ఎర్రవేమీ ఉండవా?"

"నియాన్ చేపలున్నాయి. ఒంట్లో సగం ఎరుపే. ఆవగింజంత నోరు."

"అయితే చెడు ఏది తీసుకుంటుంది?"

"ఏదీ తీసుకోదు."

ఆవిడ పేపరును చేపలతో సహా మడిచి, పెరటి కుండీలో మట్టి తీసి పూడ్చింది.

ఆదివారం ఆరు జెల్లలు, ఎనిమిది నియాన్లు తీసుకెళ్లాను. సంచులను పావుగంట నీళ్ల మీద తేలనిచ్చి, ఒక్కొక్కదాన్ని వలతో దింపాను. నియాన్లు పైన ఒక మూలకు చేరాయి. పాత జెల్లలు కాసేపు రాయి దాటి రాలేదు. తరవాత ఒకటి వచ్చింది, దాని వెనక మిగిలినవి. నేను వల కడిగి వచ్చేసరికి పన్నెండూ కలిసి ఇసుక తవ్వుకుంటున్నాయి. వాటిలో అక్కవి ఏవో చూద్దామని దగ్గరగా నిలబడ్డాను. పోల్చుకోలేకపోయాను.

అన్నం తిని వెళ్లమని అత్తయ్యగారు పిలిచింది. వెళ్లి తిన్నాను.