గంజి ముఖం

సున్నం డ్రమ్ములో కర్రతో కలియబెడుతూనే దశరథం మూడోసారి ఫోను తీసి టైము చూశాడు. పదీ ఇరవై. షో పదకొండుకు. తిరుమలగిరి బస్టాండు వెనక రఘుపతి ఇంటి ప్రహరీకి ఇంకో కోటు మిగిలే ఉంది. దశరథం కనుబొమ్మల మీద సున్నపు చుక్కలు, గోళ్ళ సందుల్లో ముప్పై ఏళ్ళ తెలుపు. ఊళ్ళో సగం గోడలు అతని చేతిమీదుగా తెల్లబడ్డవే. గోడకు సున్నం వేసినవాడి పేరు ఎవడు రాస్తాడు?

పేరు ఒక్కసారే పడింది. నాలుగేళ్ళ కిందట, పెళ్ళి వీడియోలు తీసే కృష్ణకాంత్ 'శవాల అంగడి' అని సినిమా తీశాడు. చచ్చినవాళ్ళు లేచి వారం అంగడికి కూరగాయలకు వస్తారు, అదీ కథ. మేకప్పుకు మనిషి దొరకలేదు. దశరథం తాత భాగోతంలో ముఖాలు వేసేవాడని తెలిసి ఇతన్ని పిలిచాడు. దశరథం పేపరు చింపి, చిక్కటి గంజిలో ముంచి, ముఖాలకు అతికించాడు. ఎండకు బిగిసి అది పెళ్ళలు పెళ్ళలుగా లేచేది. పైన బూడిద, పసుపు. ఎడమ చెవి వెనక మాత్రం వేలెడంత చోటు వదిలేసేవాడు. వేషం కట్టినవాడు మళ్ళీ తనలోకి రావడానికి తోవ ఉంచాలన్నది తాత పద్ధతి. సినిమా బాగానే ఆడింది. తెర మీద 'ముఖాలు: దశరథం' అని పడగానే హాలంతా ఈలలు.

ఆ గంజి కాచింది స్వరూప. ఎనిమిదేళ్ళు అతని వెంట సున్నం బకెట్లు మోసిన కూలి మనిషి. ఇప్పుడు రెండో భాగానికి కృష్ణకాంత్ పట్నం నుంచి రబ్బరు ముఖాలు తెప్పించి, అవి తొడగడానికి స్వరూపను పిలిచాడు. దశరథాన్ని పిలవలేదు. పోస్టరు అడుగున 'మేకప్: స్వరూప' అని చూసిన రోజు అతనికి అన్నం సయించలేదు.

"నా కుంచె పట్టుకపోయి పెద్ద మేకప్ మేడమయ్యింది" అని భార్య కృష్ణమ్మతో పదిసార్లన్నాడు. అది మేక వెంట్రుకల కుంచె, తాతది. మొదటి సినిమాప్పుడు స్వరూపను మెచ్చుకుని తనే ఇచ్చాడు. ఆ సంగతి మాత్రం చెప్పడు.

"నీది కడుపుమంట" అంది కృష్ణమ్మ. "జర మజ్జిగ తాగు, సల్లబడ్తది."

అవును, కడుపుమంటే. సాయంత్రం వచ్చి కోటు వేస్తానని రఘుపతికి చెప్పి, సినిమా మట్టికొట్టుకుపోవాలని మొక్కుకుంటూ వెళ్ళి హాల్లో కూర్చున్నాడు.

మొక్కు ఫలించింది. మొదటి శవం లేవగానే మెడ దగ్గర రబ్బరు అంచు కూడా లేచింది. "అరేయ్, మాస్కు ఊడుతాంది!" అని వెనకనుంచి కేక. హాలంతా ఒకటే నవ్వు. కాసేపటికి శవాలన్నీ కలిసి డ్యాన్సు కట్టాయి. దశరథం తొడ చరుచుకుని నవ్వాడు. అబ్బ, ప్రాణం ఎంత హాయిగా ఉందో! ఇంటర్వెల్లో సగం జనం లేచి వెళ్ళిపోయారు. "ఫస్టు దాంట్ల ముఖాలు నేనే ఏసిన" అని పక్క సీటతనికి అడగకుండానే చెప్పాడు.

తర్వాత తెర మీదికి ఒక ముసలమ్మ వచ్చింది. మాస్కు ఒకటి తక్కువైందేమో, ఆ ఒక్క ముఖమే గంజిది. ఉల్లిగడ్డలు ఏరుతూ ఏరుతూ తలెత్తి, ఎదురుగా ఉన్న కన్నకొడుకును గుర్తుపట్టకుండా చూసింది. చెంప మీద పెళ్ళ మెల్లగా విడిచింది. రాలలేదు, వేలాడింది. హాల్లో మాట లేదు. ఆమె తల తిప్పితే ఎడమ చెవి వెనక వేలెడంత చోట మామూలు చర్మం కనిపించింది. దశరథం తప్ప ఎవరూ చూసి ఉండరు. తను వేసిన పెళ్ళ ఎప్పుడూ లేచిన వెంటనే రాలిపోయేది. ఇది నిలిచింది. తనకన్నా బాగా చేసింది. అసలు మంట అతనికి అప్పుడు మొదలైంది.

బయట టీ బండి దగ్గర స్వరూప, భుజాన సంచితో. పట్నంలో ఇంకో సినిమాకు పిలిచారు, రెండు గంటల బస్సుకు పోతోంది.

"చూసినవా మేస్త్రీ? ఎట్లున్నది?"

"ఏముంటది? జనం నవ్వుతున్నరు."

"గది నాకెరుకే. రబ్బరు వద్దంటే ఆ సారు ఇనలే." ఆమె గొంతు తగ్గించింది. "మరి అవ్వ ముఖం? గది నేను ఏసిన. నువ్వు నేర్పినట్లనే. గంజిల జర మెంతిపిండి కలిపిన, రాలకుంట. నువ్వు చూసి ఏమంటవో అని పొద్దటి సంది ఈడనే నిలవడ్డ."

బాగుంది బిడ్డా. రెండు మాటలు. నాలుక చివరిదాకా వచ్చాయి.

"ఏ అవ్వ? నేను చూడలే. ఇంటర్వెల్లనే బయటికొచ్చిన."

స్వరూప అతని ముఖంలోకి చూసింది. ఆట అయిపోయి జనంతోపాటు అతను గేటు దాటి రావడం ఆమె కళ్ళారా చూసిందే.

"నా కుంచె నాకియ్యి. అది మా తాతది" అన్నాడు.

ఆమె సంచి విప్పి, పాత చీరముక్కలో చుట్టిన కుంచె తీసి బెంచీ మీద పెట్టింది. రోడ్డవతల ఆగిన బస్సు హారను కొట్టింది. వంగి అతని కాళ్ళకు మొక్కి, "పోయొస్త మేస్త్రీ" అని గబగబా వెళ్ళి ఎక్కింది.

బస్సు జనగామ రోడ్డు ఎక్కాక, "స్వరూపా! బాగుంది బిడ్డా!" అని అరిచాడు దశరథం. టీ బండివాడు ఒక్కడే తల తిప్పి చూశాడు.

చీరముక్క గాలికి తొలగింది. ఊడిపోతున్న వెంట్రుకలను కొత్త దారంతో బిగించి కట్టిన కుంచె, పిడి మీద మేకుతో కొత్తగా గీసిన వంకర అక్షరాలు: దశరథం మేస్త్రి.