నీ దగ్గరెంత?

మొవ్వు నా చేతికి ఊడి వచ్చింది.

గట్టిగా లాగింది కూడా లేదు. చలి దెబ్బ తగిలాక పామ్ చెట్టు ఉన్నవాళ్ళం ఎవరమైనా చేసే పనే చేశాను. చెట్టు నడినెత్తిన, ఇంకా విచ్చుకోకుండా ఈటెలా నిలబడి ఉండే లేత ఆకుని మొవ్వు అంటాం. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లిగా పైకి లాగి చూస్తాం. కదలకపోతే చెట్టు బతికినట్టు. ఊడి వస్తే లోపల కుళ్ళు పట్టినట్టు. వేరే చెట్లయితే ఒక కొమ్మ ఎండినా ఇంకో చోట చిగురేస్తాయి. దీనికి ఉన్నది ఆ ఒక్క మొవ్వే. పైగా లోపల ప్రాణం పోయినా చుట్టూ ఉన్న మట్టలు నెలల తరబడి పచ్చగానే ఉంటాయి, చూసేవాళ్ళకి ఏమీ తెలియదు.

చలికి కప్పిన పట్టాలు ఆ పొద్దునే విప్పి, మూడు మెట్ల స్టూలు మీద నిలబడి ఉన్నాను. చేతిలో మూరెడు మొవ్వు. దాని అడుగున గోధుమరంగు జిగురు, మురుగు వాసన. అప్పుడే నా వెనక వంటింటి తలుపు తెరుచుకుంది.

"ఏం మరిదీ, నా సవతి ఎలా ఉంది?" అంది వదిన.

తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. ఊడొచ్చిన మొవ్వుని మళ్ళీ ఆ రంధ్రంలోకే దింపి, నిటారుగా నిలబెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాను.

"నీ సవతికేం, గట్టి పిండం," అన్నాను.

ఆ చెట్టు మా అన్నది. ముప్ఫై ఏళ్ళుగా నర్సరీ నడుపుతున్నది నేను. అన్న కరెంటాఫీసులో మీటర్లు చదివే మనిషి. చెట్ల గురించి ఆయనకి తెలిసింది తక్కువ, మాట్లాడింది ఎక్కువ. పందొమ్మిదేళ్ళ కిందట, వేడి ప్రాంతం నుంచి ఎవరో తెచ్చిచ్చిన గింజని పిడి విరిగిన టీ కప్పులో పాతి, అది మొలకెత్తాక పెరట్లో ఇటుక గోడ పక్కన నాటాడు. "మన చలికి ఇది బతకదన్నా, ఉత్తినే ఆశ పెట్టుకోకు," అన్నాను. "నీ చలి వేరు, నా చలి వేరురా," అన్నాడు. సైకిలు మీద వెళ్తే పావుగంట దూరం. ఒకే ఊళ్ళో ఇద్దరికీ రెండు చలులేమిటని కనిపించిన ప్రతివాడికీ చెప్పి నవ్వాను.

అప్పటి నుంచి ప్రతి చలికాలం తెల్లారగానే ఫోను. "నీ దగ్గరెంత?" అనేవాడు. నర్సరీలో కొయ్యకి వేలాడే థర్మామీటరు చూసి అంకె చెప్పేవాణ్ణి. "ఊఁ," అని పెట్టేసేవాడు. పొద్దున్నే నా చెవి కొరక్కపోతే ఆయనకి టీ దిగదని మా ఇంట్లో జోకు.

చెట్టుని సవతి అనడం వదిన మొదలుపెట్టిందే. "నాకు జ్వరమొస్తే మాత్ర చేతిలో పెట్టి పడుకోమన్న మనిషి, దానికి చలేస్తే దుప్పటి కప్పి పక్కనే కూర్చుంటాడు," అని వచ్చినవాళ్ళందరికీ ఫిర్యాదు చేసేది. అన్న పోయి ఏడాదిన్నర. అప్పటి నుంచి సవతికి నీళ్ళు పోసేదీ, మట్టలు తుడిచేదీ, పొద్దున్నే పలకరించేదీ వదినే. నల్ల మార్కర్ పెన్నుతో మొవ్వు మీద, పక్క మట్ట మొదలుకి సమానంగా ఒక గీత పెడుతుంది. మొవ్వు పెరిగితే గీత పైకి జరుగుతుంది. అది అన్న నేర్పిన పద్ధతి. గీత గోరంత కదిలిన రోజు వదిన గొంతులోనే తెలిసిపోయేది.

ఈసారి చలికాలం మా అందర్నీ మోసం చేసింది. నడుమ పదిహేను రోజులు వెచ్చగా కాసింది. పిచ్చి చెట్టు, చలి పోయిందనుకుని లేత మొవ్వుని బయటికి తోసింది. ఆ మర్నాటి నుంచి మూడు రాత్రులు నీళ్ళ గొట్టాలు పగిలేంత చలి. నేనే వెళ్ళి మట్టలన్నీ పైకెత్తి కట్టి, గోనెపట్టా చుట్టి, తడి దిగకుండా దాని పైన ప్లాస్టిక్ పట్టా బిగించాను. అంతవరకు నా పనికి వంక పెట్టడానికి లేదు. "నేను చెప్పేదాకా విప్పొద్దు," అని వదినకి గట్టిగా చెప్పి వచ్చాను. వరసగా మూడు రోజులు పొద్దున్న అయిదు డిగ్రీలు దాటితేనే విప్పడం నా లెక్క.

నర్సరీలో అయిదు దాటలేదు. రెండు, మూడు, ఒకటి, మళ్ళీ మూడు. నాలుగో రోజు వదిన ఫోన్ చేసింది.

"మరిదీ, ఇక్కడ ఎండ బాగా కాస్తోంది. పట్టా లోపలంతా ఆవిరి పట్టి నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. విప్పెయ్యనా?"

"నా దగ్గర పొద్దున మూడు. విప్పావంటే చస్తుంది."

"అది కాదయ్యా, ఇక్కడ..."

"వదినా, ముప్ఫై ఏళ్ళుగా చెట్లు పెంచుతున్నది నువ్వా, నేనా?"

ఆవిడ ఫోన్ పెట్టేసింది. మరో ఆరు రోజులు ఆ పట్టా అలాగే ఉంది. పగలంతా గోడ వేడి, ఎండ వేడి, లోపల ఆవిరి. చలి చంపలేకపోయిన చెట్టుని నేను ఉడకబెట్టాను.

మొవ్వు ఊడినంత మాత్రాన చెట్టు పని అయిపోయినట్టు కాదు. ఇది కూడా చెప్పాలి. వెంటనే ఆ రంధ్రాన్ని శుభ్రంగా తుడిచి, మందు పోసి, గాలి ఆడేలా వదిలేస్తే, కుళ్ళు ఆరిపోయి రెండు మూడు నెలల్లో అడుగు నుంచి కొత్త ఆకు వచ్చినా రావచ్చు. నర్సరీకి వచ్చేవాళ్ళకి వంద సార్లు చెప్పి ఉంటాను. తెరిచి ఉంచండి, ఆరనివ్వండి, పొరపాటున కూడా మూయకండి అని. నేను చేసిందేమిటంటే, కుళ్ళిన మొవ్వునే సీసాకి బిరడా పెట్టినట్టు అందులో దిగ్గొట్టాను. వదిన ఆ సాయంత్రమే దాని మీద కొత్త గీత పెట్టింది.

మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు వెళ్తే టీ కప్పు చేతికిచ్చి, "మీ అన్న ఉంటే ఈ చలికి కంగారుపడి ఇల్లు పీకి పందిరేసేవాడు. నువ్వున్నావు కాబట్టి సరిపోయింది," అంది. ఆ మర్నాడు చెబుదామనుకున్నాను.

"గీత కదల్లేదేం మరిదీ?"

"చలి దెబ్బ తింది కదా, కొన్నాళ్ళు నిద్రపోతుంది."

"మందేమైనా వెయ్యాలా?"

వెయ్యాలి. అప్పటికప్పుడు వెయ్యాలి. "అక్కర్లేదు," అన్నాను. మందు వెయ్యాలంటే మొవ్వు తియ్యాలి. మొవ్వు తీస్తే అది ఎప్పుడు ఊడిందో, ఎందుకు ఊడిందో చెప్పాలి. ఈ వయసులో, ఆవిడ ముందు నిలబడి, ఆ రోజు నువ్వన్నదే రైటు అనడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ మీద జాలితో దాచానని మొదట్లో నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. జాలీ లేదు, పాడూ లేదు. భయపడి దాచాను.

ఇరవై రెండో రోజున మబ్బు పట్టింది. వాన కురిస్తే ఆ రంధ్రంలోకి నీళ్ళు దిగి, మిగిలిందేమైనా ఉంటే అదీ పోతుంది. ఇవాళ ఏమైనా సరే చెప్పేయాలని వెళ్ళాను. వదిన ఇంకా వంటింట్లోనే ఉంది. మబ్బు చూసి స్టూలు షెడ్డులో పెట్టినట్టుంది, పెరట్లో లేదు. షెడ్డు తలుపు తీసి, స్టూలు లాగబోతే దాని కాలికి తట్టుకున్న, గోడకి ఆనించి ఉన్న ప్లైవుడ్ చెక్కని పక్కకి జరిపాను.

వెనక గోడ నిండా పెన్సిల్ అంకెలు. మీటర్లు చదివే మనిషి చేతిరాత, పొందిగ్గా, ఒక్క వరస వంకర పోకుండా. నిలువుగా రెండేసి వరసలు. ఒకదాని మీద "ఇక్కడ" అని, పక్కదాని మీద "తమ్ముడి దగ్గర" అని రాసి ఉంది. ఇక్కడ ఎనిమిది, తమ్ముడి దగ్గర మూడు. ఇక్కడ ఆరు, తమ్ముడి దగ్గర ఒకటి. చెట్టు నాటిన ఏడాది నుంచి ఆయన పోయేదాకా ఒక్క చలికాలం తప్పలేదు. అన్నిటికీ కింద, గట్టిగా గీత కొట్టి, పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. "మనకి అయిదు ఎక్కువ. వాడిది పల్లం. వాడి అంకె చూసి విప్పడం ఆలస్యం చెయ్యకూడదు."

చల్లగాలి బరువుకి పల్లంలోకి దిగి నిలిచిపోతుందనీ, ఎండ తాగిన ఇటుక గోడ రాత్రంతా వేడి వదులుతుందనీ నాకు తెలియక కాదు. ఆ పాఠం ఊరందరికీ చెప్పేది నేనే. సొంత అన్న చెబితే మాత్రం నవ్వాను. ఇన్నేళ్ళూ ఆయన ఫోను చేసింది నా చెవి కొరకడానికి కాదు. నాది తప్పని రోజూ పొద్దున్నే నా నోటితోనే చెప్పించుకుని, ఒక్కనాడూ నా మొహాన కొట్టకుండా, చెక్క వెనక దాచుకున్నాడు.

"మరిదీ! తొందరగా రా!"

బయటికి పరిగెత్తాను. వదిన వంటింటి కుర్చీ తెచ్చుకుని ఎక్కి, చెట్టు పక్కన నిలబడి ఉంది. చేతిలో మార్కర్.

"కదిలింది! ఇదిగో చూడు, గోరంత కదిలింది!"

ముందు రోజు గాలి గట్టిగా వీచింది. ఆ ఊపుకి మొవ్వు కాస్త పైకి లేచింది. అంతే.

"నీ చెయ్యి మంచిదయ్యా," అంది వదిన. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆయనా పోయి, ఇదీ పోతే, ఈ పెరట్లోకి మళ్ళీ అడుగు పెట్టలేననుకున్నాను."

ఇక నా వల్ల కాలేదు.

"దిగు వదినా," అన్నాను.

ఆవిడ దిగాక నేను కుర్చీ ఎక్కి, రెండు వేళ్ళతో మొవ్వు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. అడుగంతా నల్లబడిపోయి ఉంది. వాసనకి ఆవిడ మొహం తిప్పుకుంది.

"ఎప్పుడు?"

"పట్టా విప్పిన రోజే. ఊడొస్తే మళ్ళీ పెట్టేశాను. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. అప్పుడే తీసేసి మందు పోసి ఉంటే బతికేదేమో. నువ్వు విప్పెయ్యనా అని అడిగిన రోజు విప్పనిచ్చి ఉంటే, అసలు ఊడేదే కాదు."

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ ఆ మొవ్వు మీది రెండు నల్ల గీతల్ని బొటనవేలితో ఒక్కొక్కటే తడిమింది.

"రోజూ పొద్దున్నే నేను దీంతో మాట్లాడుతుంటే, పక్కన నిలబడి నా టీ తాగావు," అంది చివరికి.

"వదినా..."

"ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"ఆలస్యమైపోయింది. పెద్దగా ఆశ లేదు."

"ఆశ సంగతి నిన్నడగలేదు. ఏం చెయ్యాలో చెప్పు."

చెప్పాను. పొడుగు చెంచాతో కుళ్ళంతా తోడెయ్యాలి. పొడి గుడ్డతో తుడవాలి. నర్సరీలో ఉన్న రాగి మందు కలిపి పొయ్యాలి. వాన పడకుండా పైన అడ్డం ఉండాలి గానీ, పక్కల నుంచి గాలి ఆడాలి. ఆవిడ లోపలికి వెళ్ళి చెంచా, పాత తువ్వాలు, అన్న నల్ల గొడుగు తెచ్చింది. చెంచా కోసం చెయ్యి చాచాను. ఇవ్వలేదు. కుర్చీ ఎక్కి తనే తోడింది. అడుగున కాస్తయినా తెల్లటి కండ మిగిలి ఉంటే చెట్టుకి దారి ఉన్నట్టు.

"తెల్లగా ఏమైనా కనిపిస్తోందా?" అని కింద నుంచి అడిగాను.

వదిన కుర్చీ దిగి, చెంచా తువ్వాలుకి తుడిచింది. గొడుగు కట్టడానికి తాడు కోసం షెడ్డులోకి వెళ్ళి, ఎంతసేపటికీ బయటికి రాలేదు. చెక్క నేను జరిపినచోటే ఉంది. వచ్చాక గొడుగు కట్టి, ముడులు రెండుసార్లు లాగి చూసింది.

"మందు తెచ్చి గేటు దగ్గర పెట్టి వెళ్ళు. రేపటి నుంచి రావద్దు. అవసరమైతే నేనే పిలుస్తాను."

పిలవలేదు. ఏదో పనున్నట్టు ఆ సందులోంచి రోజూ ఒకసారి వెళ్ళేవాణ్ణి. గోడ పైన గొడుగు కొస తప్ప ఇంకేం కనిపించేది కాదు.

నాలుగో రోజు తెల్లారగానే ఫోన్ మోగింది.

"నీ దగ్గరెంత?"

వదిన గొంతు. చెప్పులైనా వేసుకోకుండా థర్మామీటరు దగ్గరికి పరిగెత్తాను.

"ఆరు."

"ఇక్కడ పదకొండు."

గోడ మీద పెన్సిలు గీసిన చప్పుడు వినిపించింది. పెట్టేసింది.

అప్పటి నుంచి రోజూ అదే. చలి పోయింది, ఎండలు ముదిరాయి, అంకెలు రాసుకోవాల్సిన అవసరం ఎప్పుడో తీరిపోయింది. అయినా ఫోను మానలేదు. ఇవాళ నా దగ్గర ఇరవై ఒకటి, ఆవిడ దగ్గర ఇరవై అయిదు. ఆ వాన మబ్బు రోజు నుంచి లెక్కేస్తే ఎనభై మూడు రోజులు. కొత్త ఆకు వచ్చేదే అయితే ఈపాటికి వచ్చి ఉండాలి.

ఈ మధ్య అంకె చెప్పాక వదిన వెంటనే పెట్టెయ్యడం లేదు. ఒక్క క్షణం ఆగుతోంది. నేనూ ఆగుతాను. మొవ్వు వచ్చిందా వదినా అని ఒక్క మాట అంటే చాలు, నాలుక చివరిదాకా వస్తుంది. అడిగే మొహం నాకు లేదు.