సర్వ మాడిపాయె

పదకొండేండ్ల సంది సంగీతం చేస్తున్న. నా పేరు డేవిడ్. ఈ పేరు మీరెన్నడు విని ఉండరు. తప్పు మీది గాదు. నేను కట్టిన ట్యూన్లు రోజూ ఇంటరు గని, వాటి మీద నా పేరు ఒక్కనాడు పడలే.

అడ్వర్టైజ్‌మెంట్లకు పేరు వేసుడే ఉండదు. రాజంపేటల ఎరువుల దుకాణమాయనకు ముప్పై సెకండ్ల పాట చేసిచ్చిన. అండ్ల ఇరవై రెండు సెకండ్లు ఆయన పేరు, ఆయన కొడుకు పేరు, దుకాణం పేరు. మిగిలిన ఎనిమిది సెకండ్లల్ల రైతు సంతోషపడాలె. "కొంచెం ఫీలు పెంచు డేవిడన్నా" అంటడు. యూరియాల ఏం ఫీలుంటదయ్యా, పెంచనీకి? ఇగ సినిమాలంటరా, ఇద్దరు పెద్ద మ్యూజిక్ డైరెక్టర్లకు వెనకుండి బ్యాక్‌గ్రౌండ్ చేసిచ్చిన. తెర మీద వాళ్ల పేర్లు పడ్డయి. మా అవ్వ ఈరవ్వ ఎల్లారెడ్డిల టికెట్టు కొని ఆ రెండు సినిమాలు చూసింది. పక్క సీటు పిల్లగానితోని తెర మీది పేర్లు సదివించుకున్నదట, ఆట అయిపోయినంక గూడ కుర్చీల నుంచి లేవలేదట. ఊడ్చేటామె వచ్చి లేవమంటే, "ఆగవ్వా, నా కొడుకు పేరు ఇంక రాలే" అన్నదట. అది ఇన్న రోజు నాకు బువ్వ సయించలే. అప్పటిసంది ఎల్లారెడ్డి పోయినప్పుడల్ల అవ్వ అడిగేది ఒక్కటే, "నీ పేరు ఎప్పుడు పడ్తది బిడ్డా?" అని.

పోయిన వానకాలం ఒక టీవీ సీరియల్ దొరికింది. దాని పేరు చెప్ప. చెప్తే వాళ్లకు పుణ్యానికి పబ్లిసిటీ అయితది. దానికి క్రియేటివ్ హెడ్డు పురుషోత్తం అని హైదరాబాద్‌ల ఉంటడు. ఫోన్ల నన్ను "డేవిడ్ గారూ" అన్నడు. ఈ లైన్ల ఎవడన్న గారూ అన్నడంటే అనుమానం రావాలె. నాకేమో ఆనందం వచ్చింది.

"టైటిల్ సాంగ్ మీదేనండీ. సంగీతం డేవిడ్ అని మీ ఒక్కరి పేరుతోనే కార్డు వేస్తాం. మాకు కావలసిందల్లా మట్టి వాసన" అన్నడు.

ఆయన ఫోన్ పెట్టిన నిమిషానికే అవ్వకు ఫోన్ కొట్టి, "అవ్వా, ఈసారి పడ్తది" అని చెప్పిన. అవ్వ ఆ మాట వాడంత చెప్పుకున్నది.

నా స్టూడియో అంటే కామారెడ్డిల మా కిరాయి ఇంటి వంటరూమే. ముందు రూముల రైళ్ల సప్పుడు, వెనుక రూముల పక్కింటోళ్ల మిక్సీ సప్పుడు. వంటరూముల ఫ్రిజ్ బందు పెడితే జర శాంతి ఉంటది. అందుకే కీబోర్డు గ్యాసు పొయ్యి పక్కన్నే పెట్టుకున్న. ఆ రోజు పొద్దుగాల నా భార్య వందన సర్వల పాలు పోసి పొయ్యి మీద పెట్టి, "జర సూస్తుండు" అని చెప్పి తానానికి పోయింది. సర్వ అంటే మా దిక్కు పాలు, చాయ కాగబెట్టే గిన్నె. ఇది మంచిగ యాదిల పెట్టుకోండ్రి, నా కొంప ముంచింది ఈ ఒక్క మాటనే.

ట్యూను అప్పుడే దొరుకుతున్నది. కండ్లు మూసుకొని వాయిస్తున్న. పాలు పొంగినయి, ఇగిరినయి, సర్వ నల్లగయింది. నాకు వాసన గూడ తెల్వలే. వందన తలకు తువ్వాల సుట్టుకొని ఉరికొచ్చింది. ఆమె చర్చిల పాడేది. తిట్టు గూడ తాళం తప్పకుండ తిడ్తది.

"సర్వ పొంగిపాయె, సర్వ మాడిపాయె, సోయి లేనోడా, ఇగ నీతోని గాదు పో!"

ఓ దేవుడా, నా ట్యూన్ల అచ్చం కూసున్నది! మా పనిల ఒక అలవాటుంటది. కవి మాటలు రాసే ముందల ట్యూను ఎట్లుంటదో తెల్వాలని, నోటికి ఏదొస్తే అది పాడి పంపుతం. దాన్ని డమ్మీ అంటం. నేను వందన తిట్టునే డమ్మీగ పాడి పురుషోత్తానికి పంపిన. కింద "మాటలు డమ్మీ" అని రాసిన గూడ.

గంటల ఫోన్ వచ్చింది. మనిషి ఏడుస్తున్నడు.

"డేవిడ్ గారూ! సర్వ పొంగిపాయె, సర్వ మాడిపాయె... సర్వమూ పొంగడం, సర్వమూ మాడిపోవడం! సృష్టినీ ప్రళయాన్నీ ఒక్క లైన్లో పెట్టేశారండీ!"

"సార్, అవి డమ్మీ మాటలు."

"మార్చడానికి వీల్లేదు! ఆ 'సోయి' అన్నది కూడా, సోహమే కదండీ?"

సోయి అంటే సోహమా నీ బొంద! సోయి అంటే తెలివి. అది నాకు లేదని నా భార్య అన్నది. అప్పుడే చెప్పాల్సి ఉండె. చెప్తే పాట పోతది, పాట పోతే కార్డు పోతది, అవ్వకు మల్ల ఏం చెప్పాలె? "బాగ లోతైన మాట సార్" అన్న.

వందన మాడిన సర్వను పీచుతోని తోముతున్నది. "ఇంట్ల తిడితే లొల్లి అంటవు, టీవీల తిడితే లోతా?" అన్నది.

ప్రోమో వచ్చింది. అండ్ల హీరోయిన్ వానల నిలబడి అత్తింటి దిక్కు సూస్తుంటే వెనుక నుంచి మా పాల సర్వ మాడుతున్నది. పదిహేను రోజులల్ల ఎవ్వల ఫోన్ చూసినా అదే. పెండ్లి బరాతుల గూడ పెట్టిండ్రు. ఒక టీవీ చర్చల జరీ కండువా వేసుకున్న పండితుడు కూసోని, ఇది మూడువందల ఏండ్ల కిందటి వైరాగ్య గీతం అన్నడు. ఆయనకు మూడువందలే ఎట్ల తోచిందో మరి.

అంతే, పురుషోత్తం గొంతు మారింది. "డేవిడ్ గారూ, దాచకండి. ఇంత తత్వం ఇప్పటివాళ్లు రాసేది కాదు. ఇది మీ ప్రాంతపు జానపదం. మాట జానపదమైతే బాణీ కూడా జానపదమే కదా. కార్డులో సేకరణ అని వేద్దాం."

"ఎవల సేకరణ సార్?"

"నేనే కదండీ, మీ దగ్గర సేకరించింది!"

నా పెయ్యంత మండింది. ఇగ దాసిపెట్టి లాభం లేదని ఉన్నదున్నట్టు కక్కేసిన. "సార్, సర్వ అంటే గిన్నె! పాలు మాడినయి! నా భార్య తిట్టింది! ట్యూను నాది!" అని మొత్తుకున్న.

"ఎంత వినయమండీ మీది" అన్నడు. "మీకు తెలియకుండానే మీ రక్తంలోంచి వచ్చేసింది."

సర్వ ఫోటో తీసి వాట్సాప్‌ల పంపిన. మాడిన అడుగు మంచిగ కనవడేటట్టు తీసిన. "ఖాళీ పాత్ర! అద్భుతమైన ప్రతీక" అని జవాబు పెట్టి, రెండు దండాలు పెట్టిండు. ఇగ ఆ మనిషితోని ఏం మాట్లాడుతం?

ఊరుకోలే నేను. రోజూ ఫోన్ చేసి పానం తీసిన. ఆఖరికి, "సరే, మీ ఊళ్ల జనాన్నే అడుగుదాం. పాట పాతది కాదని వాళ్లంటే మీ పేరు వేస్తాం" అన్నడు. నా మనసు కుదుటపడ్డది. మావోళ్లు లేని పాటను ఉన్నదని ఎందుకంటరు?

కారు, కెమెరా పట్టుకొని ఎల్లారెడ్డి పక్కనుండే నాగిరెడ్డిపేటకు వచ్చిండ్రు. పోచారం ప్రాజెక్టు కింద నాట్లు నడుస్తున్నయి. నేను కామారెడ్డి నుంచి బస్సెక్కి పోయిన. పొలంల ఇరవై మంది ఆడోళ్లు, అండ్ల మా అవ్వ గూడ ఉన్నది. ఎల్లారెడ్డి నుంచి ముఠాతోని ఆటోల వస్తది నాట్లకు. ఆమెను చూసి నాకు ఇంక ధైర్యం వచ్చింది.

పురుషోత్తం ప్యాంటు పైకి మలుసుకొని గట్టు మీద నిలబడి ముందుగాల ముఠాల ఉన్న కమలవ్వను అడిగిండు, "అమ్మా, సర్వ పొంగిపాయె పాట తెలుసా?"

"ఎందుకు తెల్వది సారూ? నిన్న గూడ పాడుకుంట నాటేసినం" అన్నది కమలవ్వ.

నిజమే, నిన్న పాడిండ్రు. ప్రోమో చూసి నేర్సుకున్నరు. "ఎప్పుడు నేర్సుకున్నరో గది అడుగు సార్!" అని నేను ఒర్రుతనే ఉన్న. ఆయన చెయ్యి అడ్డం పెట్టి మా అవ్వ దిక్కు తిరిగిండు.

"మీరు చెప్పండమ్మా. ఈ పాట పాతదేనా? ఎక్కడిది?"

అవ్వ చేతులకు బురద. నారు కట్ట కింద పెట్టి నిటారుగ నిలబడ్డది. నా దిక్కు చూసింది. నేను తల ఊపిన, చెప్పు అవ్వా నిజం చెప్పు అని.

"గట్టిగ పాతదే సారూ" అన్నది అవ్వ. "మా అవ్వ పాడేది, వాళ్లవ్వ పాడేది. నా కొడుకు నా ఒళ్లె కూసోని నేర్సుకున్నడు. గిండ్ల ఒక్క మాట అబద్ధం లేదు, ఏసయ్య తోడు."

అబద్ధమని ఒక్క మాట అంటే సరిపోతుండె. ఇరవై మంది ముందల, కెమెరా ముందల, నా కన్నతల్లిని అబద్ధాలది అననీకి నాకు నోరు రాలే. పురుషోత్తం మా అవ్వ బురద కాళ్లకు మొక్కిండు. అది గూడ కెమెరాల తీసుకున్నరు.

కారు పోయినంక అవ్వ గట్టు మీదికొచ్చి నా పక్కన కూసున్నది. మొఖం వెలుగుతున్నది.

"మంచిగ చెప్పిన్నా బిడ్డా? నీ పాట పాతది గాదు, నకిలీదని హైదరాబాదోళ్లు పంచాయితి పెట్టిండ్రట, ఎంక్వైరీకి వస్తున్నరని కమలవ్వ చెప్పింది. నేను బతికుండంగ నా కొడుకు పాటను నకిలీ అంటరా?"

"మంచిగ చెప్పినవ్ అవ్వా" అన్న. ఇంకేమనాలె?

సీరియల్ మొదలయ్యే రోజు అవ్వ మమ్మల్ని ఎల్లారెడ్డి రమ్మన్నది. నాటు ముఠా ఆడోళ్లందరిని పిలిచి చాప పరిచింది, పల్లి బుడ్డలు వేయించింది. పొద్దుమీకి ఏడింటికి పాట వచ్చింది. ముఠా అంత గొంతు కలిపి పాడింది. "జానపద గీతం, సేకరణ: పురుషోత్తం" అని పచ్చటి అక్షరాలు వచ్చినయి, పోయినయి. అక్షరాలు తెలిసినోళ్లం అక్కడ నేను, వందన ఇద్దరమే. వందన ఫోన్ల వీడియో తీసింది, నా దిక్కు చూసి మొఖం పక్కకు తిప్పుకున్నది.

అందరు పోయినంక అవ్వ వచ్చి వందన చేతిల ఫోన్ చూసింది.

"ఏది బిడ్డా, నీ పేరు ఏడున్నదో నాకు సూపియ్యి. అప్పుడు జల్ది పాయె."

వందన నోరు తెరిచింది. నేను ఆమె కాలు తొక్కిన. వీడియో ఆపి, పురుషోత్తం అని ఉన్న కాడ వేలు పెట్టి, "గిదే అవ్వా" అన్న.

అవ్వ కొంగుకు వేలు తుడుసుకొని, ఆ అక్షరాల మీద ఈ కొస నుంచి ఆ కొసదాక మెల్లగ నిమిరింది.

"ఇంత పొడుగున్నదా బిడ్డా నీ పేరు?"

"టీవీల గట్లనే రాస్తరవ్వా" అన్న.