పెద్దాయన నంబరు

మనుషులు సుఖంగా ఉన్నారా లేదా అని అడిగి తెలుసుకోవడం నా ఉద్యోగం. నవ్వకండి, దానికి జీతం కూడా ఇస్తారు. ప్రపంచమంతా ఒకే ప్రశ్నలట. మా తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి ఊళ్ల దాకా అడిగేది మాత్రం నేను, ప్రసన్నకుమారిని. మీ బతుకు పది మెట్ల నిచ్చెన అయితే ఏ మెట్టు మీద ఉన్నారు? చీకటి పడ్డాక ఒంటరిగా నడవాలంటే భయమా? మీ నాయకుల మీద నమ్మకం ఉందా? మావాళ్లు మర్యాదస్తులు కదా, "మాకేం లోటండీ" అని కాఫీ ఇచ్చి పంపించేస్తారు. ఆ అబద్ధాలు ట్యాబ్‌లో నొక్కీ నొక్కీ నాకు విసుగొచ్చేసింది.

అందుకే కైకలూరు దాటాక ఒక చెరువుగట్టు ఊళ్లో శేషారత్నం నిజం చెబుతుంటే లోపల సంబరపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె రొయ్యల చెరువుల దగ్గర కూలికి వెళ్తుంది. మొగుడు లేడు. పింకీ అని పదమూడేళ్ల కూతురు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పింది. తనది మూడో మెట్టట. చీకటి పడితే పిల్లను గడప దాటనివ్వదట. ఊరి పెద్దాయన మీద నమ్మకం ఉందా అంటే లేచి తలుపు గడియ పెట్టింది.

"లేదండి. ఆయన మాట కాదంటే వెలేనండి. ఎవరూ పలకరు, పనికి పిలవరు. నిరుడు ఒక కుటుంబం అలాగే ఊరొదిలి పోయిందండి. ఆడపిల్లతో నేనెక్కడికి పోతాను? నా పేరు బయటికి రాదు కదమ్మా?"

"ప్రాణం పోయినా రాదండీ," అన్నాను. నరం లేని నాలుక, ఏదైనా అంటుంది.

చివర ఫోన్ నంబరు అడగాలి. మేం నిజంగా ఇంటికి వెళ్లామో లేదో మా సూపర్‌వైజర్ ఫోన్ చేసి, ఒకటి రెండు జవాబులు చదివి సరిచూసుకుంటారు. శేషారత్నం గుక్క తిప్పుకోకుండా పది అంకెలూ చెప్పేసింది. నొక్కేశాను. నొక్కగానే జవాబులన్నీ ఆఫీసుకి చేరిపోతాయి. ఎవరిదని అడగలేదు.

పక్కింటి సత్యవతి అన్నీ బాగున్నాయని చెప్పి, చివర తనూ అంతే గడగడా నంబరు చెప్పింది. ఈ నంబరు ఇప్పటికే నమోదైందని ట్యాబ్‌లో ఎర్రగా వచ్చింది.

"ఇదెవరి నంబరండీ?"

"పెద్దాయనదేనండి. రేషనుకైనా, గ్యాసుకైనా, ఆసుపత్రిలోనైనా మా వీధంతా అదే చెబుతామండి. చెరువు పనికి కబురు కూడా ఆయనకే వస్తుంది. అలవాటండి."

వెంటనే లేచాను. గట్టు మీదికెళ్లి ఏలూరులో ఉన్న మా సూపర్‌వైజర్ హేమంత్‌కుమార్‌కి ఫోన్ చేశాను.

"సార్, శేషారత్నం నంబరుకి ఫోన్ చెయ్యకండి!"

"ఇప్పుడే చేశానండీ. ఎవరో పెద్దమనిషి ఎత్తారు. మా మనిషే, నాకు చెప్పండి అన్నారు. భయం గురించీ నాయకుల గురించీ ఆవిడ చెప్పిన రెండు జవాబులూ చదివి వినిపించాను. సరిగ్గానే రాసుకున్నారు అన్నారు. ఎంత మర్యాదండీ ఆయనకి!"

పరుగెత్తాను. చెప్పగానే శేషారత్నం పింకీని దగ్గరికి లాక్కుంది.

"అయ్యో, ఎప్పుడూ చెప్పే నంబరే చెప్పేశానమ్మా," అంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అంతలో వాకిట్లో బండి ఆగింది. పెద్దాయనే.

"ప్రసన్నకుమారి గారాండీ? ఎండలో తిరుగుతున్నారు, మజ్జిగ పుచ్చుకున్నారా?" నా పేరు ఆయనకి చెప్పింది మా హేమంత్‌కుమారే. "మా శేషారత్నానికి చదువు లేదండి. ప్రశ్న బోధపడి ఉండదు. మళ్లీ అడగండి, నేనూ వింటాను."

జవాబు చెప్పే మనిషి దగ్గర ఇంకెవరూ ఉండకూడదని మా రూలు. అయినా ట్యాబ్ తీశాను. అడిగాను.

"పదో మెట్టండి." పింకీని వెనక్కి దాచుకుంది. "భయమేం లేదండి. పెద్దాయన మీద పూర్తి నమ్మకమండి."

"నిన్నంతా దిగులుగా గడిచిందా అండీ?"

"లేదండి." పింకీ చెయ్యి మాత్రం వదల్లేదు. ఆమె చెప్పినట్టే అన్నీ నొక్కాను. నాకూ భయమేసింది, ఇంకే కారణమూ లేదు.

"సంతోషమండి," అని పెద్దాయన నాకు దణ్ణం పెట్టి బండెక్కాడు. గొంతు పెంచలేదు, ఒక్క పరుషమైన మాట లేదు. పోతూ పోతూ సత్యవతి వాకిట్లో బండి ఆపి, నవ్వుతూ రెండు మాటలు చెప్పాడు. ఎదురింటి దగ్గరా ఆగాడు. బతికిపోయాం అనుకున్నాను.

శేషారత్నం చెంగుతో ముఖం తుడుచుకుని నీళ్ల బిందె దగ్గరికి వెళ్లింది. "సత్యవతీ, కాస్త చెయ్యేసి ఎత్తవే," అని కేకేసింది.

వాకిట్లో చేపలు తోముకుంటున్న సత్యవతి తలెత్తలేదు. చేపలు ఎక్కడివక్కడే వదిలేసి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఎదురింటి తలుపు కూడా పడింది.

"వినబడలేదేమో, మళ్లీ పిలువమ్మా," అంది పింకీ.

శేషారత్నం మళ్లీ పిలవలేదు.